వానాకాలంలో బిగుసుకునే తలుపులు: ఏ చిత్రిక కొనాలి, ఎంతవరకు పట్టాలి

మీరు అడిగింది నేను ఇలా అర్థం చేసుకున్నానండి. అమలాపురం పక్క ఊళ్ళో మీ ఇంట్లో పాత టేకు తలుపులు మూడున్నాయి. శ్రావణం వచ్చేసరికి బిగుసుకుపోయి, భుజం పెట్టి నెడితే గాని తెరుచుకోవడం లేదు. మేడ మీద కొత్తగా వేసిన గదులకి ఫ్లష్ డోర్లు (రెండు ముఖాలా ప్లైవుడ్ ఉన్న సాదా తలుపులు) నాలుగు కొని గోడకి చేరేసి ఉంచారు. మేస్త్రి దొరకడం లేదు, దొరికినాయన ఇంత చిన్న పనికి రానంటున్నాడు. అందుకని ప్లేనర్, అంటే చెక్క పొర తీసే చిత్రిక, ఒకటి కొని మీరే చేసుకుందామనుకుంటున్నారు. కరెంటుదా, చేతిదా, ఏ సైజు, తలుపు పాడవకుండా ఎలా పట్టాలి అన్నది ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. నాలుగు కొత్త తలుపులున్నాయి కాబట్టి 82 మి.మీ. బ్లేడున్న మామూలు కరెంటు ప్లేనర్ కొనండి, డబ్బు వృథా కాదు. పాత టేకు తలుపులకి మాత్రం ఆ మిషన్ ముట్టించకండి. వాటికి నాలుగో నంబరు గాని ఐదో నంబరు గాని ఇనుప చిత్రిక ఒకటి, బాగా పదును పెట్టింది, చాలు. ఇంకో మాట. ఆ పాత తలుపులు మూడింట్లో ఒకటో రెండో అసలు చిత్రిక అవసరమే లేకుండా బాగుపడే అవకాశం ఉంది. అది ఎలాగో కింద రాస్తున్నాను, దయచేసి మిషన్ కొనడానికి ముందే చదవండి. తీసిన చెక్క మళ్ళీ అతకదు.

మాది పాలకొల్లు వైపు. వడ్రంగం మా ఇంటి పని. నరసాపురం, రాజోలు, అంతర్వేది దాకా మండువా ఇళ్ళలోనూ కొత్త అపార్టుమెంట్లలోనూ తలుపులు బిగించాను. ఈ ప్రాంతంలో తలుపు పని మిగతా చోట్ల పని లాంటిది కాదు. చుట్టూ కాలవలు, చేలో నీళ్ళు, చెరువులు, పక్కన సముద్రం. చెక్క ఏడాది పొడుగునా తేమ పీలుస్తూ వదులుతూ ఉంటుంది. వేరే ఊరి వాళ్ళు చెప్పిన కొలతలు ఇక్కడ యథాతథంగా పెట్టేస్తే ఆరు నెలలు తిరక్కుండా తేడా తెలుస్తుంది.

తలుపు ఎందుకు బిగుసుకుంటుంది

గాలిలో తేమ 80 శాతం దగ్గర కొన్ని వారాలు నిలబడితే చెక్క తన ఎండు బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. గాలి తేమ 60 శాతానికి దిగితే అది 11 శాతం దగ్గరికి వస్తుంది. మన దగ్గర వానాకాలానికీ వేసవికీ ఇంచుమించు ఇంత తేడా ఉంటుంది అనుకోండి. టేకు మిగతా కర్రలకంటే తక్కువ కదిలే కర్ర. అయినా దుంగని పొడుగునా పొరలు పొరలుగా కోసిన బల్ల (ఫ్లాట్ సాన్) అయితే, తేమ ఒక్క శాతం మారినప్పుడల్లా వెడల్పులో దాదాపు 0.2 శాతం మారుతుంది. నిలువు కోత (క్వార్టర్ సాన్) బల్లలో అందులో దాదాపు సగమే ఉంటుంది.

ఇప్పుడు మీ తలుపుకి లెక్క వేద్దాం. పాతకాలపు బల్ల తలుపు, అంటే వెడల్పాటి పలకలు జోడించి వెనక అడ్డబద్దలు కొట్టింది, మూడడుగుల వెడల్పుంటే వానాకాలానికీ వేసవికీ మధ్య 9 మి.మీ. దాకా మారవచ్చు. మన భాషలో మూడు నూలు. అదే చుట్టూ చట్రం, మధ్యలో పలకలు దూర్చిన ప్యానెల్ తలుపైతే పలకలు గాడిలో వదులుగా ఉంటాయి, ఉబ్బినా లోపలే కదులుతాయి. బయటికి తెలిసేది రెండు నిలువు బద్దల వెడల్పే. నాలుగేసి అంగుళాల బద్దలు రెండైతే మొత్తం 2 మి.మీ. మాత్రమే. మన పెద్దలు ప్యానెల్ తలుపులు చేయించుకున్నది అందానికి మాత్రమే కాదు. ఫ్లష్ డోరు ఇంకా తక్కువ కదులుతుంది, పైన ప్లైవుడ్ పొరలు ఒకదాన్నొకటి అడ్డంగా పట్టి ఉంచుతాయి కాబట్టి.

ఇందులో అన్నిటికంటే పనికొచ్చే సంగతి వేరే ఉంది. చెక్క వెడల్పున ఉబ్బుతుంది గాని పొడవున దాదాపు ఉబ్బదు. కాబట్టి తలుపు తాళం వైపు అంచు పొడుగునా ఒరుసుకుంటుంటే అది తేమ పని. పై మూలలోనో కింద నేలకో ఒరుసుకుంటుంటే తేమ కాదు, తలుపు వాలింది. వాలిన తలుపుకి చిత్రిక మందు కాదు.

ముందు బందులు (హింజిలు) చూడండి

తలుపు సగం తెరిచి, తాళం వైపు అంచుని రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తి చూడండి. పై బందు దగ్గర కొంచెమైనా కదలిక కనబడితే స్క్రూలు వదులైనట్టే. రాజోలు దగ్గర ఒక ఇంట్లో పడగ్గది తలుపు పై మూల ఒరుసుకుంటోందని పిలిచారు. వెళ్ళేసరికి అప్పటికే ఎవరో పై అంచున ఆ మూలంతా ఏటవాలుగా చెక్కేశారు. అయినా ఒరుసుకుంటూనే ఉంది, ఎందుకంటే రోజురోజుకీ వాలుతోంది. పై బందు స్క్రూలు మూడూ వేలితో తిప్పితే తిరిగిపోతున్నాయి. వెదురు పుల్లలు సన్నగా చీల్చి, ఫెవికాల్ ముంచి ఆ బెజ్జాల్లో దిగగొట్టి, ఆరాక పాతవాటికంటే అర అంగుళం పొడుగు స్క్రూలు బిగించాను. తలుపు తన చోటుకి వచ్చేసింది. కాని అప్పుడు చూస్తే, చెక్కేసిన మూలలో వేలు దూరేంత సందు. ఆ సందుకి టేకు బద్ద అతికించి రంగు కలపాల్సి వచ్చింది. అరగంట పని రెండు రోజులైంది.

ఏడడుగుల తలుపుకి బందులు రెండే ఉంటే మధ్యలో మూడోది వేయండి. కింది బందు గాడి మరీ లోతుగా ఉన్నా తలుపు పై మూల తాళం వైపుకి జరుగుతుంది. అలాంటప్పుడు కింది బందు వెనక అట్టముక్క ఒకటి పెట్టి బిగిస్తే చాలు. తలుపు మూస్తుంటే వెనక్కి తన్నుతూ ఉంటే బందు దగ్గర స్క్రూ తల పైకి పొడుచుకొచ్చిందేమో చూడండి.

ఇవన్నీ సరిగా ఉండి, ఇంకా తాళం వైపు అంచు పట్టేస్తుంటే అప్పుడే చిత్రిక. ఎక్కడ పట్టేస్తోందో కంటితో ఊహించకండి. గుమ్మానికీ తలుపుకీ మధ్య పాత కార్బన్ పేపరు పెట్టి తలుపు మూసి తెరవండి. మరక పడిన చోటే పని. చాలాసార్లు ఆ మరక జానెడు పొడవు కూడా ఉండదు.

మిషన్ ఎంపిక

ఇంటి లోపలి తలుపు మందం 30 లేక 35 మి.మీ. దానికి 82 మి.మీ. బ్లేడు రెట్టింపు పైనే. 110 మి.మీ. మిషన్లు గుమ్మాల చెక్క, దూలాలు చదును చేసేవాళ్ళకి. బరువెక్కువ. సన్నటి అంచు మీద దాన్ని నిటారుగా నిలపడం అలవాటు లేని చేతికి కష్టం, మీకు వద్దు.

మకీటా ఎన్1900బి 580 వాట్లది, ఒక్కసారికి 1 మి.మీ. వరకే కోస్తుంది. బాష్ జీహెచ్ఓ 6500 అయితే 650 వాట్లు, 2.6 మి.మీ. దాకా పోతుంది. షాపువాళ్ళు ఆ రెండో అంకె చూపించి ఇది గొప్పది అంటారు. తలుపు పనిలో నేను అర మి.మీ. దాటి పెట్టను, చివరి రెండు వరసలు, అంటే చివరి రెండుసార్లు తోలేది, పావు మి.మీ. కాబట్టి లోతు అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. ఈ రెండిట్లో ఏదైనా మీ పనికి సరిపోతుంది. ఏ కంపెనీదైనా సరే, రిపేరు చేసే సర్వీసు సెంటరు రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో ఉందా అని ముందు కనుక్కోండి. బెల్టు, కార్బన్ బ్రష్షులు, బ్లేడ్లు ఎప్పుడైనా మార్చాల్సినవే.

కొనేటప్పుడు షాపులోనే చూడాల్సింది ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ చూడరు. ప్లగ్ తీసేసి మిషన్ని తిరగేసి పట్టుకోండి. లోతు నాబ్ సున్నా మీద పెట్టండి. ఒక స్టీలు స్కేలుని నిలువుగా ముందు ప్లేటు మీదనుంచి వెనక ప్లేటు మీదికి ఆనించండి. రెండు ప్లేట్లూ ఒకే గీతలో ఉండాలి, స్కేలు కింద వెలుతురు కనబడకూడదు. తర్వాత బ్లేడ్లు బిగించిన డ్రమ్ముని చేత్తో నెమ్మదిగా తిప్పితే బ్లేడు పై అంచు వెనక ప్లేటుతో సరిసమానంగా ఉండి స్కేలుని తాకీ తాకనట్టు పోవాలి. బ్లేడు అంతకంటే ఎత్తుంటే ప్రతి వరస చివరా గుంట పడుతుంది. పల్లంగా ఉంటే కొంత దూరం పోయాక కోయడం మానేస్తుంది. పేరూ ఊరూ లేని చవక మిషన్లలో ప్లేట్లే వంకరగా వస్తాయి, దాన్ని ఎవరూ సరిచేయలేరు.

బ్లేడ్లు కార్బైడువి తీసుకోండి, రెండు వైపులా పదునున్న సన్న రకం. ఒక అంచు మొద్దుబారితే తిప్పి వేసుకోవచ్చు. హైస్పీడు స్టీలు బ్లేడు టేకు మీద, మామిడి మీద నున్నగా పోతుంది, సాన పట్టుకోవచ్చు, అది నిజమే. కాని ప్లైవుడ్ పొరల మధ్య జిగురు, సన్‌మైకా అంచు దాన్ని ఒక్క తలుపుతోనే తినేస్తాయి. మార్చినప్పుడు రెండు బ్లేడ్లూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే డ్రమ్ము అదురుతుంది, అంచు మీద అలలు పడతాయి.

మిషన్‌తో పాటు పక్క గైడు వస్తుంది, దాన్ని పెట్టెలో వదిలేయకండి. తలుపు ముఖానికి ఆనుకుని పోతూ అంచు నిటారుగా వచ్చేలా చేసేది అదే. కొత్తవాళ్ళు చేసే పని పాడయ్యేది చాలామటుకు గైడు లేకుండా పట్టడం వల్లే. అంచు ఒక వైపు వాలిపోతుంది, దాన్ని సరిచేయబోతే రెండో వైపు వాలుతుంది, అలా అలా తలుపు సన్నబడిపోతుంది.

చేతి చిత్రిక

నాలుగో నంబరు తొమ్మిదిన్నర అంగుళాలు ఉంటుంది, ఐదో నంబరు పద్నాలుగు. ఒక్కటే కొంటానంటే ఐదోది తీసుకోండి. తలుపు అంచు ఏడడుగులు కదా, పొడుగు చిత్రిక గుంటల్లోకి దిగకుండా మిట్టల మీద మాత్రమే కోస్తూ పోతుంది. మీ ఇంట్లో తాతల నాటి చెక్క చిత్రిక ఉంటే, అడుగు చదునుగా ఉంటే, అదీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చీల బిగించే చోట పగులు లేకుండా చూసుకోండి.

కొత్త చిత్రిక కొన్నరోజే కోయదు. బ్లేడుని ముందు సానరాయి మీద పెట్టాలి. ఏటవాలు 25 డిగ్రీలు, చివర అంచు మాత్రం 30 డిగ్రీలకి లేపి నాలుగు రుద్దులు. వెనక వైపు చివర అంగుళం మేర అద్దంలా మెరిసేదాకా చదునుగా రాయండి, ఇది చాలామంది వదిలేస్తారు. పైన కూర్చునే మూత ఇనుముని బ్లేడు అంచుకి 1 మి.మీ. వెనక బిగించండి. పదును సరిపోయిందో లేదో చెవికే తెలుస్తుంది. మంచి పదునుంటే చిత్రిక ఒకే స్వరంతో సాగి, చెక్క నుంచి పొడుగాటి పల్చటి పొర చుట్టుకుంటూ పైకి లేస్తుంది. పదును పోతే గరగరమంటుంది, పొర ముక్కలుగా రాలుతుంది, మీ భుజం నొప్పెడుతుంది. అలా మొదలైన వెంటనే ఆపి సాన పట్టండి. బలం పెట్టి నెట్టకండి. ఇనుప చిత్రిక అడుగున కొవ్వొత్తితో రెండు గీతలు గీస్తే ఎంతో తేలిగ్గా జారుతుంది.

నార, అంటే చెక్కలోని పీచు గీతలు, ఎటు వాలిందో చూసి, వాలు వెంట పట్టాలి. ఎదురు పడితే టేకు పీచులు లేచి గుంట పడుతుంది. పాత తలుపుల్లో ఒకే బద్దలో సగం నార అటు, సగం ఇటు ఉంటుంది. అక్కడ మధ్యలో దిశ మార్చుకోవాల్సిందే. నేను పాత తలుపుకి మిషన్ వద్దన్నది ఇందుకే. ఇంకా కారణాలున్నాయి. అంచులో ఎప్పటివో మేకులు తల తెగి లోపల ఉంటాయి. పైన ఎనామిలు పొరలు ఉంటాయి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండవచ్చు. నిమిషానికి 16 వేల చుట్లు తిరిగే డ్రమ్ము దాన్ని పొడి చేసి ఇల్లంతా చల్లుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి. తడిపి గీకి, చేతి చిత్రికతో పొర తీసి, ఆ పొట్టు మూట కట్టి పారేయండి. పొయ్యిలో వేయొద్దు.

కొత్త ఫ్లష్ డోరు కూర్చోబెట్టడం

గుమ్మాన్ని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. మూడూ ఒకటే రావడం అరుదు. నేను ఉంచే సందులు ఇవి: బందుల వైపు 2 మి.మీ., తాళం వైపు ఒక నూలు అంటే 3 మి.మీ., పైన ఒక నూలు, కింద టైల్స్ నేలకి రెండు నూలు. స్నానాలగది తలుపైతే కింద 10 మి.మీ. వదలండి, గాలి ఆడాలి.

తలుపు కొలతకంటే ఎంత పెద్దదో చూసుకోండి. చుట్టూ ఉన్న గట్టి చెక్క పట్టీ ఎంత వెడల్పుందో తెలియకుండా ఒక్క వరస కూడా తీయకండి. షాపువాళ్ళు చెప్పకపోతే తలుపు పై అంచు చూడండి, పట్టీ, ప్లై పొరలు, మధ్య సరుకు విడివిడిగా కనబడతాయి. ఐఎస్ 2202 (ఫ్లష్ డోర్ల భారతీయ ప్రమాణం) ముద్ర ఉండి లోపలంతా గట్టిగా నిండిన (సాలిడ్ కోర్) తలుపైతే కొంచెం ధైర్యంగా ఉండొచ్చు. అచ్చుపోసిన పల్చటి చర్మంతో వచ్చే తేలిక తలుపులకి మాత్రం ఒక్కో అంచున 5 మి.మీ. మించి తీయొద్దు. భీమవరంలో ఒక అపార్టుమెంటులో తాళం వైపు నుంచే ముప్పావు అంగుళం మిషన్‌తో లాగేశారు. పట్టీ అంతా పోయి లోపలి పుల్లలు బయటపడ్డాయి, తాళం స్క్రూలకి పట్టు లేదు. చివరికి కొత్త టేకు పట్టీ వేయాల్సి వచ్చింది. ఎక్కువ తీయాల్సి ఉంటే రెండు వైపులా సమానంగా పంచుకోండి. తాళం గాడి ముందే కొట్టేసిన తలుపైతే బందుల వైపు నుంచి తీయడం మేలు, బందుల గాడులు మళ్ళీ కొట్టుకోవచ్చు, తాళం గాడి జరపలేం. ఒక పావు అంగుళం మించితే చిత్రికతో కాదు, రంపంతో కోసి చివర చిత్రిక పట్టండి.

తలుపుని అంచు మీద నిలబెట్టాలి. కింద గోనెపట్టా, ఒక చివర గది మూలలో ఆనించి, రెండో చివర కొబ్బరిదుంగ ముక్కలు రెండిటి మధ్య ఇరికించి చీలలు కొడితే కదలదు. ఒక్కరే ఉంటే ఇది తప్పనిసరి. గీత తలుపు రెండు ముఖాల మీదా పెట్టండి, ఒక వైపే పెడితే అవతల ఎక్కువ పోయిన సంగతి పూర్తయ్యాక గాని తెలియదు.

మిషన్ని చెక్కకి ఆనించి స్విచ్ వేయకూడదు. ముందు ప్లేటు మాత్రం ఆనించి, బ్లేడు గాల్లో ఉండగా వేసి, వేగం అందుకున్నాక ముందుకు నడపండి. మొదట్లో బరువు ముందు చేతి మీద, మధ్యలో రెండిటి మీద, చివరికి వచ్చేసరికి వెనక చేతి మీద ఉండాలి. చివర్లో ముందు చేయి నొక్కితే ముక్కు కిందికి వాలి మూల తినేస్తుంది. ఆగకుండా ఒకే నడకన చివరిదాకా నడవండి, మధ్యలో నిలబడితే అక్కడ గాటు పడుతుంది. గీతకి ఒక వరస మిగిలి ఉండగా మిషన్ ఆపేసి, ఆ చివరిది చేతి చిత్రికతో తీస్తే అంచు మీద బ్లేడు అలలు ఉండవు. తాళం వైపు అంచుని మూసుకునే దిశకి కొంచెం వాలుగా, 35 మి.మీ. మందంలో 1.5 మి.మీ. తేడా వచ్చేలా తీయండి. అలా లేకపోతే తలుపు మూసుకునేటప్పుడు లోపలి మూల గుమ్మానికి తగులుతుంది. ఆ వాలు వచ్చిందంటే సందు తక్కువ ఉంచినా తలుపు హాయిగా తిరుగుతుంది.

పై అంచు, కింది అంచు వేరే కథ. అక్కడ నిలువు పట్టీల నార మొనలు మీకెదురుగా ఉంటాయి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నేరుగా తోలితే చివర మూల చీలి, ముఖం మీద ప్లై పొర కూడా లాక్కుపోతుంది. చాకుతో గీత వెంట పొర తెగేదాకా గీయండి, రెండు మూలల నుంచీ మధ్యకి పట్టండి. లేదా చివర ఒక చెక్కముక్క సి క్లాంపుతో బిగించి దానిమీదికి వదలండి. సన్‌మైకా అతికిన తలుపులకీ ఇదే పద్ధతి, లోతు ఇంకా తగ్గించి.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) తలుపుకి కార్బైడు బ్లేడుతో చిత్రిక పట్టొచ్చు. లోపల బోలుగా ఉండే పీవీసీ తలుపుకి పట్టకూడదు.

జాగ్రత్తలు నాలుగు మాటల్లో. డ్రమ్ము పూర్తిగా ఆగాకే కింద పెట్టండి. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. ముక్కుకి మంచి మాస్కు, చెవులకి మూతలు. చెక్క ధూళి దీర్ఘకాలం పీలిస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలోనే పెట్టింది. మా పెద్దవాళ్ళు తువ్వాలు కట్టుకునేవాళ్ళు, అది సరిపోదు.

ఎప్పుడు పట్టాలి, ఎంత వదలాలి

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. తలుపు శ్రావణ భాద్రపదాల్లో బిగుసుకుంటుంది, అప్పుడే కోపం వస్తుంది, అప్పుడే మేస్త్రిని పిలుస్తారు. ఆ రోజున దానికి ఒక నూలు సందు వచ్చేదాకా చిత్రిక పట్టించేస్తారు. మాఘ ఫాల్గుణాలకి కర్ర ఆరి సందు రెండు నూలైపోతుంది. బల్ల తలుపైతే ఇంకా ఎక్కువ. గడియ అందదు, దోమలు దూరతాయి, పక్క గదిలో దీపం కనబడుతుంది. వానల్లో పట్టాల్సివస్తే పోస్టుకార్డు మందం సందు వచ్చి తలుపు ఒరుసుకోకుండా తిరగడమే హద్దు, అక్కడ ఆపేయండి. వేసవిలో బిగించేటప్పుడు మాత్రం ఉబ్బడానికి చోటు వదలాలి: ప్యానెల్ తలుపుకి తాళం వైపు నూలున్నర, బల్ల తలుపుకి మూడు నూలు. వేసవిలో చూసి వదులుగా ఉందనుకోకండి.

వరద నీళ్ళు తాకిన తలుపులకి ఇది ఇంకా ముఖ్యం. 2022 జులై గోదావరి వరదకి లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాక చాలామంది తలుపులు మూసుకోవడం లేదని వెంటనే చెక్కించేశారు. నేను వెళ్ళిన ఇళ్ళలో నచ్చజెప్పగలిగిన చోట తలుపు విప్పి, ఎండలో కాకుండా నీడన, కింద మూడు చెక్కలు వేసి పడుకోబెట్టించాను. రెండు నెలలకి చాలా వాటికి చిత్రిక అక్కర్లేకపోయింది. ఎండలో పెడితే ఒక ముఖమే ఆరి తలుపు వంగిపోతుంది. ప్లై పొరలు విచ్చుకున్న ఫ్లష్ డోర్లు మాత్రం దక్కలేదు.

ఏసీ గది తలుపు వంగితే అది కూడా చిత్రిక పని కాదు. గది వైపు ముఖం ఆరుతూ హాలు వైపు ముఖం తడి పీలుస్తూ ఉండటం వల్ల వచ్చే వంపు అది. మధ్య బందుని కొంచెం జరిపి, రెండు ముఖాలకీ ఒకే రకం పాలిష్ ఒకే మందంలో వేయడమే దారి.

చిత్రిక పట్టిన అంచుని పచ్చిగా వదలకండి

మీ పూజగది తలుపు ఒకసారి విప్పి కింది అంచు చూడండి. చాలా ఇళ్ళలో నేను చూసేది ఒకటే: ముఖాలు మెరుస్తూ ఉంటాయి, కింది అంచుకి మాత్రం రంగు చుక్క ఉండదు. నల్లబడి, మెత్తబడి, పీచు పీచుగా ఉంటుంది. పొద్దున్నే గడప కడిగి పసుపు రాస్తాం, ఆ తడి రోజూ కింది అంచుకి అందుతుంది. నిలువు బద్దల నార మొనలు కిందికే తెరుచుకుని ఉంటాయి కాబట్టి, దీపం వత్తి నూనెని లాగినట్టు ఆ తడి పైకి లాక్కుంటుంది. అక్కడినుంచే ఉబ్బడం మొదలవుతుంది. గడప కడగడం మానమని చెప్పను. కింది అంచుకి ప్రైమరు, దాని మీద ఎనామిలు రెండు పూతలు వేయండి. నార మొనలు మొదటి పూత తాగేస్తాయి, అది లెక్కలోకి రాదు, మళ్ళీ వేయండి. పై అంచుకి కూడా. చిత్రిక పట్టిన పక్క అంచుకి అదే రోజు పూత పడాలి. లక్క పాలిష్ ఇక్కడ తడికి ఆగదు, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ గాని మెలమైన్ పాలిష్ గాని వాడండి.

మీ పనికి వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం పాత తలుపుల బందులు బిగించి కార్బన్ పేపరుతో చూడండి. పొడుగునా పట్టేస్తున్నదాన్ని పోస్టుకార్డు సందు దాకా చేత్తో తీసి పూత వేయండి. ఫ్లష్ డోర్లని గోడకి చేరేసి ఉంచకండి, నిలబెట్టిన తలుపు తన బరువుకే వంగుతుంది. ఏ గదికి బిగించాలో ఆ గదిలోనే చెక్కల మీద పడుకోబెట్టి, కొత్త ప్లాస్టరింగు తడి పూర్తిగా ఆరేదాకా ఆగండి. కార్తీకం దాటి ముసురు తగ్గాక నాలుగూ ఒకేసారి బిగించుకోండి. అన్నిటికంటే తక్కువ కంటపడే స్టోరు గదిదో స్నానాలగదిదో మొదట చేయండి, హాలు వైపు తలుపు చివరికి ఉంచుకోండి. అంతర్వేది వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి బ్లేడు వారంలో తుప్పెక్కుతుంది, మీ ఊళ్ళోనూ కొంచెం ఉంటుంది. పని అవగానే బ్లేడు తుడిచి, మిషన్ నూనె గుడ్డతో రాసి పెట్టెలో పెట్టండి.